మూడే మూడు పాయింట్లు

పిట్స్‌బర్గ్ వచ్చాకే నాకు ఐస్ హాకీ పిచ్చి పట్టుకుంది. 2023-24 సీజన్ మాత్రం ఇంకా మనసులోంచి పోలేదు.

2023 జూన్‌లో కైల్ డూబస్ మా ఊరి జట్టు పెంగ్విన్స్ పగ్గాలు పట్టాడు. ఆగస్టుకల్లా జనరల్ మేనేజర్ బాధ్యతా ఆయనదే. కోచ్ మైక్ సలివన్ మాత్రం ముందునుంచీ ఉన్నవాడు. 2016, 2017ల్లో వరసగా లీగ్ టైటిల్ స్టాన్లీ కప్ గెలిపించిన మనిషి. అలాంటాయన్ని వచ్చీరాగానే ఎవరు కదిలిస్తారు?

అంతకుముందు సీజన్‌లో 101 పాయింట్లు (గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కలిపి) చేసిన ఎరిక్ కార్ల్‌సన్‌ని తెచ్చారు. ఇక పవర్ ప్లే, అంటే పెనాల్టీ వల్ల ఎదుటి జట్టుకి మనిషి తగ్గినప్పటి ఆట, అదిరిపోతుందనుకున్నాం. తీరా చూస్తే అందులో లీగ్‌లో అట్టడుగు జట్లలో మనదీ ఒకటి. ఎదుటి ఆటగాడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చున్నా, ఆ రెండు నిమిషాలూ పక్‌ని (ఆ రబ్బరు బిళ్లని) అటూ ఇటూ తోసుకుంటూ గడిపేసేవాళ్లు. సోఫా అంచున కూర్చుని "కొట్టరా బాబూ" అని అరిచి అరిచి గొంతు పోయేది.

మార్చిలో మా స్టార్ ఆటగాడు గెంట్‌జెల్‌ని కరోలినా జట్టుకి ఇచ్చేసిన రాత్రి మావాడు అతని 59 నంబరు జెర్సీ విప్పకుండానే పడుకున్నాడు. 36 ఏళ్ల కెప్టెన్ క్రాస్‌బీ 82 మ్యాచ్‌లూ ఆడి 94 పాయింట్లు చేశాడు. అయినా పట్టికలో జట్టు 88 పాయింట్ల దగ్గరే ఆగిపోయింది (మ్యాచ్ ఫలితాలకి జట్టుకొచ్చే పాయింట్లు వేరు). 91తో వాషింగ్టన్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది.

కోచ్‌ని పంపేయాలని చాలామంది అన్నారు. డూబస్ పంపలేదు. ఆఫీసులో వేరేవాళ్లు కట్టిన టీమ్‌ని నేనూ ఒకసారి అందుకున్నాను, మొదటి ఏడాదే మనుషుల్ని తేల్చేయడం ఎంత కష్టమో తెలుసు. ఆయన చేసింది నాకిప్పటికీ తప్పనిపించదు. డూబస్, సలివన్‌ల దారులు వేరైంది 2025 ఏప్రిల్‌లో, మళ్లీ ప్లేఆఫ్స్ తప్పాక.