అమ్మ, రెండు ఖాళీ సీసాలు, నెబో కొండ

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో అమ్మ సంచి తెరిపించారు. లోపల పాత చీర ముక్కలో చుట్టిన రెండు ఖాళీ ప్లాస్టిక్ సీసాలు ఉన్నాయి. ఒక్కోటి లీటరుది. "ఖాళీ సీసాలెందుకమ్మా?" అని డ్యూటీలో ఉన్న అమ్మాయి నవ్వింది. "యొర్దాను నీళ్లకు బిడ్డా. ఆడ సీసాకు కూడా పైసలు తీస్కుంటరంట" అంది అమ్మ. వెనక లైన్లో మా నల్లగొండ వాళ్లే ముప్పై మందికి పైగా ఉన్నారు. నాకు కొంచెం సిగ్గేసింది.

అమ్మకు అరవై ఎనిమిదేళ్లు. పుట్టిల్లు మర్రిగూడ వైపు. ఆ వైపు పుట్టిన వాళ్లకు నీళ్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు, నలభై దాటేసరికే మోకాళ్లు పట్టేశాయి. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. నేను బడిలో సోషల్ చెప్తాను. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ, మన ఊరి పేరు బయటివాళ్లకు తెలిసింది ఇందుకా అనిపిస్తుంది.

బైబిల్లోని ఊళ్లు చూసే ఈ యాత్ర మా పాస్టర్ అయ్యగారు కుదిర్చారు. వీసాలు చివరి రోజు దాకా రాలేదు, ఆ టెన్షన్ గురించి ఇప్పుడెందుకు. గల్ఫ్‌లో విమానం మారి జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో దిగాం. మర్నాడు పొద్దున మొదట మాదబా, తర్వాత నెబో కొండ.

మాదబా చిన్న పట్నం. 1880లో కరక్ నుంచి కొన్ని క్రైస్తవ కుటుంబాలు వచ్చి ఈ పాడుబడ్డ ఊళ్లో స్థిరపడ్డాయి. పాత గుడి పునాదుల మీదే కొత్త చర్చి కట్టుకుంటుంటే నేలలో రంగురాళ్ల పటం బయటపడింది. ఆరో శతాబ్దంలో పరిచిన పరిశుద్ధ భూమి పటం అది. ఇప్పుడు మిగిలింది కొంత భాగమే. అక్షరాలన్నీ గ్రీకు. యెరూషలేము కోట, దాని నడిమి స్తంభాల వీధి, యెరికో దగ్గర ఖర్జూరపు చెట్లు కనిపిస్తాయి. నాకు నచ్చింది మాత్రం యొర్దాను నదిలోని చేప. నీళ్లతో పాటు కిందికి పోతూ, ముందు చేపలు బతకని ఉప్పు సముద్రం (డెడ్ సీ) ఉందని తెలిసి వెనక్కి తిరిగి ఈదుతుంటుంది. గైడ్ ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. అమ్మ పటం మీదికి వంగి, "చేపకు తెలిసింది గని మనకు తెల్వకపాయె" అంది. మర్రిగూడ బావి గురించే అన్నదని నాకొక్కదానికే అర్థమైంది.

నెబో కొండ అంటే లతీఫ్‌సాబ్ గుట్టలాగా మెట్లెక్కి పోవాలేమోనని అమ్మ ముందు నుంచే భయపడింది. బస్సు దాదాపు పై దాకా వెళ్తుంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. మోషే వాగ్దాన దేశాన్ని చూసి, అందులో అడుగు పెట్టకుండానే నూట ఇరవై ఏళ్ల వయసులో చనిపోయింది ఇక్కడేనని బైబిల్లో ద్వితీయోపదేశకాండం చివరి అధ్యాయం చెప్తుంది. ఆ రోజు మసక. ఉప్పు సముద్రం సత్తు రేకులా కనిపించింది, యెరూషలేము కనిపించనే లేదు. గ్రూపంతా ఇత్తడి సర్పాన్నీ సిలువనూ కలిపి చేసిన ఆ పెద్ద శిల్పం దగ్గరికి ఫోన్లు పట్టుకుని ఉరికింది. అమ్మ మోకాళ్లు ఇక నడవనన్నాయి. నీడ కోసం పక్కనున్న చిన్న మ్యూజియంలోకి వెళ్లాం. మ్యూజియం చూద్దామని కాదు, కూర్చుందామని.

మన పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం దగ్గరి మ్యూజియం చూసిన వాళ్లకు ఈ వాతావరణం తెలుసు. చిన్న గది, పెద్ద నిశ్శబ్దం, బయట జనం, లోపల మనం. రంగురాళ్లు పొదిగిన నేలల (మొజాయిక్) ముక్కలు, మట్టి పాత్రలు, రోమన్ల నాటి మైలురాయి. ఆ రాయి హెష్బోను నుంచి యొర్దాను లోయలోకి దిగే దారిదట. బైబిల్లో ఎన్నోసార్లు చదివిన హెష్బోను పేరు మైళ్ల లెక్కలో చూస్తే, దేవరకొండ రోడ్డు మీద కిలోమీటరు రాయి చూసినట్టే ఉంది.

గైడ్ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. మాదబా మనిషే, చర్చికి వెళ్లే అరబ్బు. అమ్మ సంచిలోంచి తొంగిచూస్తున్న ఖాళీ సీసా చూసి, ఎందుకని అడిగాడు. చెప్పాను. అతను నవ్వలేదు. ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పదిహేను వందల ఏళ్ల కిందటి యాత్రికులూ ఇట్లాగే సీసాలు తీసుకెళ్లేవాళ్లన్నాడు. అరచేతిలో పట్టేంత మట్టి బుడ్లు. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సెయింట్ మెనాస్ సమాధికి వెళ్లిన వాళ్లు తెచ్చుకున్నవైతే, వాటి మీద రెండు ఒంటెల నడుమ నిలబడ్డ మెనాస్ బొమ్మ ఉంటుంది. అవి యూరప్‌లో కూడా తవ్వకాల్లో దొరికాయి. యెరూషలేము నుంచి నూనె పట్టుకెళ్లడానికి తగరం, సీసం కలిపి చేసిన చిన్న బుడ్లు ఉండేవి. ఇటలీలోని మోంజా చర్చిలో అవి ఇప్పటికీ ఉన్నాయి. అట్లా తెచ్చుకున్న దాన్ని గ్రీకులో యూలోజియా అంటారు, ఆశీర్వాదం అని. 570 ప్రాంతంలో ఇటలీలోని పియాచెంజా నుంచి వచ్చిన ఒక యాత్రికుడు రాసిన దాన్నిబట్టి, పండగనాడు అలెగ్జాండ్రియా ఓడల వాళ్లు యొర్దాను నీళ్లు పట్టుకెళ్లి, ప్రయాణానికి ముందు ఓడల మీద చల్లుకునేవాళ్లు. అదే మనిషి కానా ఊళ్లో తన తల్లిదండ్రుల పేర్లు రాసి వచ్చాడట! గుళ్ల గోడల మీద పేర్లు చెక్కే మన కుర్రాళ్లను ఎన్నిసార్లు తిట్టానో గుర్తొచ్చింది. తిట్టడం మాననులెండి.

అతనింకో సంగతి చెప్పాడు. నాలుగో శతాబ్దం చివర్లో ఎగేరియా అనే ఆడమనిషి ఎక్కడో పడమటి దేశం నుంచి ఈ కొండకు వచ్చింది. తన యాత్ర గురించి లాటిన్‌లో రాసుకుంది. కొండ చాలా మటుకు గాడిద మీద ఎక్కానని, చివరి కాస్త నిటారుగా ఉంటే కష్టపడి నడిచానని రాసిందట. పైన అప్పటికే చిన్న చర్చి ఉంది, మోషే సమాధి గురించి అక్కడి సన్యాసుల్ని అడిగింది. ఆ రాతప్రతి ఇటలీలో 1884లో దొరికింది. మాదబా పటం సంగతి బయటికి పొక్కిందీ 1884లోనే. ఎగేరియా మాట అమ్మకు బాగా నచ్చింది. "గాడిద మీదనా? గదే మంచిగుండె" అని మోకాలు నిమురుకుంది.

కొండ మీది స్థలాన్ని ఫ్రాన్సిస్కన్ సన్యాసులు 1932లో కొని, ఆ మరుసటేడు తవ్వకం మొదలుపెట్టారు. లేచేముందు అమ్మ చర్చి లోపలి నేల కూడా చూస్తానంది. ఒక మొజాయిక్ మీద మరో మొజాయిక్ పరిచి ఉంటే, పైదాన్ని తీశాక అడుగున 530 ప్రాంతపుది 1976లో బయటపడింది. సింహంతో పోరాడే కాపరి, చెట్ల ఆకులు మేసే మేకలు, నిప్పుకోడిని తోలుకుపోయే మనిషి. పని చేసిన వాళ్ల పేర్లు కూడా అందులో ఉన్నాయి: సోయెల్, కైయుం, ఎలీయా. మేస్త్రీల పేర్లు శాసనంలో! అమ్మ మేకల దగ్గరే ఆగింది. చిన్నప్పుడు మేకలు కాసిన మనిషి. "ఆకులు అందుకోనీకి కాళ్లు ఎత్తి నిలబడ్డది సూడు" అని నాకు చూపించింది. నిజం చెప్పాలంటే, యాత్ర మొత్తంలో అమ్మ ముఖం అంత విప్పారింది అక్కడే. మిగతా వాళ్లు బస్సులో హారన్ కొట్టిస్తున్నారు.

యొర్దాను దగ్గర నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి. పాటల పుస్తకాల్లోని యొర్దాను కన్నా చాలా సన్నం, మా వాగుల కన్నా పెద్దదేమీ కాదు. కొందరు మొహం చిన్నబుచ్చుకున్నారు. అమ్మ మాత్రం సీసా ముంచి వెలుతురుకు ఎత్తి చూసింది, బోరు నీళ్లు చూసే అలవాటు కదా. రెండు సీసాలూ నింపి, మూతల మీద టేపు చుట్టింది. ఒకటి పెట్టెలోనే కారిపోయింది. నా చీరలు రెండు, ఆమె బైబిలు అంచు తడిశాయి. మోంజా బుడ్ల సంగతి నేను ఎత్తబోతే, "ఇప్పుడు వద్దు" అన్నట్టు చూసింది.

ఇంటికొచ్చాక మిగిలిన లీటరును పంచింది. హోమియో మందు సీసాలు కడిగి ఎండబెట్టి, ఒక్కోదాంట్లో నాలుగైదు చెంచాలు. చర్చి వాళ్లకు, అత్తవాళ్లకు, మర్రిగూడలో తమ్ముడి ఇంటికి. పక్కింటి వదిన పోయినేడు కాశీ వెళ్లొచ్చి మాకు గంగచెంబు ఇచ్చింది. అది మా అల్మారాలో సీలు తియ్యకుండా అట్లాగే ఉంది. అందుకు బదులు అమ్మ ఒక సీసా తీసుకుని స్వయంగా వాళ్ల గుమ్మం దాకా నడిచింది. వదిన రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, మూత తీయబోయింది.

"తాగకు వదినా," అని అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "నెత్తి మీద సల్లుకో. టెస్టు చెయ్యని నీళ్లు యాడివైనా తాగొద్దు."