తరగతి బ్లాగు: పిల్లల రాతకు పాఠకులు దొరికినప్పుడు

హైదరాబాదులో తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పే నాకు పిల్లల వ్యాసాలు దిద్దడం ఏళ్ల తరబడి అలవాటైన పని. వాటిని చదివేది నేనొక్కదాన్నే. మార్కులు పడ్డాక రాసినవారు కూడా మళ్లీ తెరిచి చూడరు. తమ రాతను టీచరు తప్ప మరెవరూ చదవరని, ఆ టీచరైనా తప్పుల కోసమే చదువుతుందని తెలిసిన పిల్లలు గైడులోని వాక్యాలనే భద్రంగా దించుతారు. తరగతికి ఒక బ్లాగు ఉండాలని నేను పట్టుబట్టింది అందుకే.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద గురించి రాయమన్నప్పుడు, పురానాపూల్ దగ్గర ఉండే ఒక అబ్బాయి పెట్టిన మొదటి టపాలో ఉన్నవి నాలుగే వాక్యాలు: వరద వచ్చింది, వేలమంది చనిపోయారు, తర్వాత జలాశయాలు కట్టారు, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. దాని కింద తోటి విద్యార్థిని ఒక్క ప్రశ్న రాసింది: "ఆ చెట్టు ఇప్పటికీ ఉందా? నువ్వు చూశావా?"

ఆ ఆదివారం అతడు తండ్రిని వెంటబెట్టుకొని అఫ్జల్‌గంజ్ వెళ్లి ఆ చెట్టును చూసి వచ్చాడు. తిరగరాసిన టపా "కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయో చూసి, నీళ్లు ఎక్కడిదాకా వచ్చి ఉంటాయని నాన్నను అడిగాను" అని మొదలైంది. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయని తెలుసుకొని, వరద వచ్చాక అన్నేళ్లు ఎందుకు పట్టిందో తెలుసుకోవాలని ఉందని కూడా రాశాడు. "వివరంగా రాయుము" అని నేను ఎర్రసిరాతో ఎన్నిసార్లు రాసినా రాని మార్పు, ఈడు పిల్ల అడిగిన ఒక్క ప్రశ్నతో వచ్చింది. బ్లాగు వల్ల కలిగే అసలు మేలు ఈ తిరగరాయడమేనని నా గట్టి నమ్మకం.

టైపింగు గురించి చాలామంది ఉపాధ్యాయులు అనవసరంగా భయపడతారు. పిల్లలు ముందు నోటుబుక్కులో రాసుకుంటారు; ఇంట్లో ఫోనులోని తెలుగు కీబోర్డుతోనో, ఫోను లేనివారు బడిలోని కంప్యూటరు గదిలోనో ఎక్కిస్తారు. నోటితో చెప్పి టైపు చేయించేవారికి మాత్రం, ఎక్కించిన ప్రతి వాక్యాన్నీ నోటుబుక్కుతో సరిచూసుకోవాలని గట్టిగా చెబుతాను, ఎందుకంటే ఒత్తులు, దీర్ఘాలు అక్కడే జారిపోతాయి.

భద్రత విషయంలో మాత్రం రాజీ పడకూడదు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో వచ్చిన చట్టం 18 ఏళ్లు నిండనివారినందరినీ పిల్లలుగానే పరిగణిస్తుంది, వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల లేదా సంరక్షకుల సమ్మతి ఉండాలంటుంది. అందువల్ల మేము ముందే తల్లిదండ్రుల సంతకం తీసుకుంటాము; టపాలో ఇంటిపేరు గాని, ఫోటో గాని, చిరునామా గాని పెట్టనివ్వము; వ్యాఖ్యలు నేను చూసిన తర్వాతే కనిపిస్తాయి. బ్లాగును ఆహ్వానం అందినవారు మాత్రమే చదవగలిగేలా ఉంచాము. పాఠకులు తగ్గినా, ఈ వయసు పిల్లలకు అదే మేలు.

వ్యాఖ్యలకు కూడా ఒక నియమం పెట్టాను. "బాగుంది", "సూపర్" అని రాస్తే లెక్కలోకి రాదు. ప్రతి విద్యార్థీ ఇద్దరు తోటివారి టపాలు చదివి, రాసినవారు వెళ్లి చూసిగాని, పెద్దలను అడిగిగాని జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒక్కొక్కటి వేయాలి. ఆ ప్రశ్నలకూ నేను మార్కులు వేస్తాను.