కట్ట కింద జాలు కనిపిస్తే రేగడి పోయొద్దు

చెరువు నిండగానే చాలా ఊళ్లలో జరిగేది ఇదే. కట్ట కింది వాలు మీద ఒకచోట తడి కనిపిస్తుంది, రెండు రోజులకు అది ఊట అవుతుంది. కట్టలోంచి ఇలా ఊరే నీరే జాలు. నాలుగు ట్రాక్టర్ల నల్లరేగడి తెచ్చి దాని మీద కుమ్మరించి, జేసీబీ బకెట్‌తో అదుముతారు. ఊట ఆగినట్టే ఉంటుంది. కట్టకు అసలు ముప్పు అప్పుడే మొదలవుతుంది.

కట్టను నిలబెట్టేది మట్టి రేణువుల మధ్య ఒరిపిడి. రేణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుకుంటే పట్టు అంత. సందుల్లో చేరిన నీటికి ఒత్తిడి పెరిగిన కొద్దీ ఆ నొక్కుడు తగ్గుతుంది. ఒక మీటరు ఎత్తు నీళ్లు చదరపు మీటరుకు సుమారు టన్ను బరువుతో తోస్తాయి. బయటికి దారి ఉంటే ఆ ఒత్తిడి దిగిపోతుంది. రేగడితో మూస్తే లోపలి నీటి మట్టం పైకి లేస్తుంది, నానిన మట్టి బరువెక్కుతుంది, వాలు గిన్నె ఆకారంలో జారుతుంది. లేదంటే పది అడుగుల అవతల బుంగ పడుతుంది. జాలును ఆపడం మన పని కాదు. జాలుతో పాటు మట్టి కొట్టుకుపోకుండా చూడటమే పని.

ఒక మామూలు కట్ట లెక్క చూద్దాం. ఎత్తు 6 మీటర్లు, పైన వెడల్పు 3 మీటర్లు, రెండు వైపులా 2కు 1 వాలు (2 మీటర్ల అడ్డానికి 1 మీటరు ఎత్తు), నీళ్లు 4.5 మీటర్లు. అడుగు వెడల్పు 27 మీటర్లు. నీటి అంచు కట్టను తాకే చోటు నుంచి కింది పాదం దాకా అడ్డంగా 18 మీటర్లు ఉంటుంది. బంకమట్టి కట్టలో తడి గీత, అంటే లోపల నీళ్లతో నానిన మట్టి పై అంచు, 4 మీటర్లకు 1 మీటరు చొప్పున దిగుతుందని లెక్క వేస్తారు. అంటే 18 మీటర్లకు 4.5 మీటర్లు దిగి సరిగ్గా పాదం దగ్గర నేలను తాకుతుంది. కట్ట నిలుస్తుంది, కానీ మిగులు ఏమీ లేదు. ఇప్పుడు కింది మడి రైతు మడి వెడల్పు కోసం పాదాన్ని 2 మీటర్లు లోపలికి, నిలువు గోడలా చెక్కాడనుకోండి. తడి గీత నేలకు అర మీటరు పైన, ఆ చెక్కిన ముఖంలోంచి బయటపడుతుంది. మన దగ్గర జాలు పట్టిన కట్టలను చూసేటప్పుడు ముందు పాదం చెక్కారా అని చూడాలి.

దీనికి మందు పాదం దగ్గర రాతి కట్టు. ఎత్తు నీటి లోతులో ఐదో వంతు, అంటే ఈ కట్టకు ఒక మీటరు చాలు. ఎండాకాలంలో, నీళ్లు అడుగంటినప్పుడే చేయాలి. పాదం మొత్తం ఒకేసారి తవ్వొద్దు. మూడు నుంచి ఐదు మీటర్ల ముక్క తవ్వడం, నింపడం, తర్వాతే పక్క ముక్కకు పోవడం. కట్ట మట్టిని ఆనుకుని ముందు ఇసుక, తర్వాత సన్న కంకర, ఆపైన 20-40 మిల్లీమీటర్ల కంకర, చివర రాళ్లు. ఒక్కో పొర కనీసం 15 సెంటీమీటర్లు. రాళ్లను నేరుగా మట్టి మీద పేర్చారా, ఆ సందుల్లోంచి కట్ట కొంచెం కొంచెంగా కారిపోతుంది. పాదం వెంట కాలువ తీసి, అందులో చేరిన నీళ్లు నిలవకుండా వాగుకో పంట కాలువకో కలపాలి.

ఇసుక విషయంలోనే ఎక్కువ పనులు చెడిపోతున్నాయి. క్రషర్ డస్ట్ పనికిరాదు, అందులోని పొడి గడ్డకట్టి నీటికి అడ్డమవుతుంది. సైట్ మీద పరీక్ష సులువు. తడి ఇసుకను స్టీలు గ్లాసులో అదిమి పళ్లెంలో బోర్లించండి. పళ్లెంలో మెల్లగా నీళ్లు పోయండి. కుప్ప వెంటనే కూలిపోతే మంచి వాగు ఇసుక. గ్లాసు ఆకారంలోనే నిలబడితే అందులో మన్ను ఉంది, లారీ వెనక్కి పంపండి. పెద్ద కట్టకైతే జల్లెడ పరీక్ష తప్పదు: ఇసుకలో 15 శాతం ఏ సైజుకు లోపు ఉందో, ఆ సైజు కట్ట మట్టిలో 85 శాతం లోపున్న సైజుకు నాలుగు రెట్లు దాటకూడదు.

నిండు చెరువులో బురద ఊట మొదలైతే ఇవన్నీ చేసే టైం ఉండదు. తేట నీళ్లు వస్తుంటే కాపలా పెట్టి చూడొచ్చు, ఎర్రగా వస్తే లోపల మట్టి కదులుతున్నట్టు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు నిలవనివ్వాలి. బస్తాను మూడింట రెండు వంతులే నింపితే చక్కగా అణుగుతుంది. నీళ్లు తేటపడేదాకానే ఎత్తు పెంచండి, ఊట ఆగేదాకా కాదు. లోపల ముందు ఇసుక, దాని మీద కంకర వేయాలి. ఇరిగేషన్ వాళ్లకు ఫోన్ చేసి తూము తెరవండి. మామూలు రోజుల్లో నీటి మట్టం రోజుకు అడుగు కంటే ఎక్కువ దించొద్దు, నానిన లోపలి వాలు నీటి ఆసరా పోయి జారుతుంది. మట్టి కదులుతున్నప్పుడు మాత్రం ఆ లెక్క పక్కన పెట్టాల్సిందే.

పైనుంచి పడే వాన సంగతి వేరు. 2023 జులై చివర్లో, రామప్ప చెరువున్న మండలంలోనే, లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అలాంటి వానకు కట్ట మీది ప్రతి నెర్రె ఒక గొట్టమే. జూన్‌కు ముందే నెర్రెలు తవ్వి, మొరం కలిపిన మట్టితో దిమ్మిస కొట్టాలి. కట్ట పైభాగం చెరువు వైపు కొద్దిగా వాలి ఉండాలి, బండి జాడల్లో నీళ్లు నిలవకూడదు. సర్కారు తుమ్మను మొదలు నరికి వేళ్లు వదిలేస్తే అవి కుళ్లి బొరియలవుతాయి. వేళ్లతో సహా తీసి, ఆ గుంటను పొరపొరగా గట్టిచేసి గరిక నాటాలి. తూము రాతి కట్టడం మట్టిని కలిసే చోటును రెండుసార్లు చూడండి, బుంగలు ఎక్కువగా అక్కడే పడతాయి.

ఏప్రిల్‌లో కట్టంతా ఎండి, ఒక్కచోట మాత్రం తుంగ పచ్చగా ఉంటే ఆ చోటుకు సున్నంతో గుర్తు పెట్టండి. పాదం వెంట తీసిన కాలువ చివర 15 లీటర్ల బకెట్ పెట్టి ఎన్ని సెకన్లకు నిండుతుందో, ఆ రోజు చెరువు మట్టంతో కలిపి వారానికోసారి రాసుకోండి. మట్టం అంతే ఉండి, పోయిన వారం 40 సెకన్లకు నిండిన బకెట్ ఇప్పుడు 25కే నిండితే, ఆ రోజే కట్ట మొత్తం నడిచి చూడాలి.