కోడింగ్ తరగతి కంటే ముందు

నాలుగేళ్ల పిల్లలకు కోడింగ్ తరగతులు, రోబోటిక్స్ కిట్లు అంటూ ప్రకటనలు కనిపించినప్పుడల్లా, తమ పిల్లలు ఎక్కడ వెనకబడిపోతారోనన్న బెంగ తల్లిదండ్రులను పట్టుకుంటుంది. ఆ బెంగను అర్థం చేసుకోగలను కానీ, ఆ వయసులో అలవడవలసిన నైపుణ్యాలు వేరే ఉన్నాయని నా అభిప్రాయం.

చెప్పిన మాటను కాసేపు మనసులో నిలుపుకోవడం, తోచిందల్లా తక్షణం చేసేయకుండా తమాయించుకోవడం, ఒక దారి కుదరనప్పుడు మరో దారి వెతకడం అనే మూడింటినీ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటారు. మూడు నుంచి ఐదేళ్ల వయసులో ఇవి చాలా వేగంగా పెరుగుతాయి. రేపు ఏ యంత్రం వచ్చి ఏ ఉద్యోగాన్ని మార్చినా అక్కరకొచ్చేవి ఇవే కాబట్టి, నేను మొదటి స్థానం వీటికే ఇస్తాను.

ఇందుకు నాకు బాగా నచ్చిన ఆట ఒకటుంది. పెద్దవాళ్లు రోబోగా మారి, పిల్లలు చెప్పింది చెప్పినట్టే చేయాలి. 'సాక్స్ తొడుక్కో' అని ఆజ్ఞ రాగానే దాన్ని చేతికి తొడుక్కోవాలి. పిల్లలు పడీపడీ నవ్వి, 'చేతికి కాదు, కాలికి' అని సవరిస్తారు. ఈసారి మడమ భాగం పైకి వచ్చేలా తొడుక్కుంటే, తాము ఏం చెప్పడం మరిచారో కాసేపు ఆలోచించి, మాటను మరింత కచ్చితంగా చెబుతారు. ప్రోగ్రామర్లు తప్పును వెతికి సరిదిద్దే పద్ధతి కూడా అచ్చంగా ఇదే. 1967లో గణిత శాస్త్రవేత్త సీమోర్ పేపర్ట్ తన సహచరులతో కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. ఆ తర్వాత దానికి తోడైన, ఆజ్ఞలను బట్టి కదిలే 'తాబేలు' అనే బొమ్మను ఎలా నడిపించాలో తోచనప్పుడు, పిల్లలను తామే తాబేలుగా ఊహించుకుని నడిచి చూడమనేవారు.

తెరల సంగతికి వస్తే, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి వాటి ముందు కూర్చోకూడదని, అంతకన్నా తగ్గితే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

అలెక్సా లాంటి మాట్లాడే పరికరాల విషయంలో మాత్రం మరికొంత జాగ్రత్త అవసరం. చేపలు నిద్రపోతాయా అని పిల్లలు అడిగితే ఆ పరికరాలు క్షణంలో జవాబిస్తాయి, అంతటితో పిల్లల ఆలోచన ఆగిపోతుంది. అప్పుడు మనం 'అది నిజమో కాదో ఎలా తెలుసుకుందాం?' అని అడిగి, వీలుంటే ఒక అక్వేరియం ముందు కూర్చోబెట్టాలి. చాలా చేపలకు కనురెప్పలు ఉండవు కనుక కళ్లను బట్టి ఏదీ తేలదు, కదలికలను గమనించాల్సిందే. (ఓపిక పరీక్ష పిల్లలకా, మనకా అన్నది వేరే సంగతి.)

ఐదేళ్లు నిండాక, ఆ వయసు పిల్లల కోసమే 2014లో వచ్చిన, తెర మీది బొమ్మలను ఆజ్ఞలతో కదిలించే స్క్రాచ్ జూనియర్ వంటి కోడింగ్ యాప్‌ను నిక్షేపంగా మొదలుపెట్టవచ్చు. అయితే పక్కనే కూర్చోవాలి. తెర మీది పిల్లి ముందుకు వెళ్లాల్సింది పోయి వెనక్కి ఎందుకు వెళ్లిందో మనం చెప్పేయకుండా వాళ్ల చేతనే చెప్పించాలి.