తెల్ల పళ్లెంలో తూనీగ పిల్ల

ఆదివారం రాత్రి, తొమ్మిదిన్నర

కాళ్లు లాగేస్తున్నాయి. అయినా ఇవాళ్టి సంగతులు రాయకుండా పడుకుంటే రేపటికి సగం మర్చిపోతాను.

చెరువు పక్క పార్కులో పర్యావరణ మేళా పెడుతున్నారని మా అమ్మాయి వారం రోజులుగా ఒకటే గొడవ. టికెట్ లేదు, ముందుగా పేరు రాయించుకునే పని లేదు, ఎవరైనా రావచ్చు. నాలుగు బ్యానర్లు, మైకులో ఉపన్యాసాలు ఉంటాయేమో, గంటలో తిరిగొచ్చేద్దాం అనుకున్నాను. పొద్దున పదింటికి వెళ్లినవాళ్లం ఇల్లు చేరేసరికి ఆరు దాటింది.

ముందు రిపేర్ టేబుల్ దగ్గరికి వెళ్లాం. ఏడాదిగా మూలన పడి ఉన్న టేబుల్ ల్యాంపును సంచిలో పెట్టుకుని తీసుకెళ్లాను. అక్కడున్న పెద్దాయన దాన్ని నా చేతిలోంచి తీసుకోలేదు. "మీరే విప్పండమ్మా, నేను చెప్తుంటాను" అని స్క్రూడ్రైవర్ ఇచ్చారు. వైరు ఎక్కడా తెగకుండా ఉంటే బీప్ మనే మల్టీమీటర్ ఉంది, దాని పుల్ల ఒకటి ప్లగ్గు పిన్నుకు, ఇంకోటి ల్యాంపు లోపలున్న వైరు కొసకు ఆనించమన్నారు. చప్పుడు లేదు. వైరును కొంచెం కొంచెంగా వంచుతూ వస్తే, ప్లగ్గు మొదట్లో ఒక్కచోట మాత్రం బీప్ మని ఆగిపోయింది. పైన తొడుగు కొత్తదానిలా ఉంది, లోపల రాగి పోగులు తెగిపోయాయి. రోజూ లాగినప్పుడల్లా వంగే చోటు అదేనట. అక్కడికి కత్తిరించి కొత్త ప్లగ్గు బిగించాం. బల్బు వెలగగానే మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. ఇలా నలుగురూ ఒకచోట కూర్చుని పాడైన వస్తువులు బాగుచేసుకునే రిపేర్ కేఫ్‌ను 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా అనే ఆవిడ మొదలుపెట్టారని, ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయని ఆయనే చెప్పారు. ఏడాది పాటు ఆ ల్యాంపును పారేద్దామా అని చూస్తూ వచ్చాను. తెగింది అంగుళం వైరు.

కంపోస్టు గుట్ట దగ్గర ఎక్కువసేపు లేము. పొడుగాటి థర్మామీటర్ గుచ్చితే 58 డిగ్రీలు చూపించింది. ఎండుటాకులనూ కూరగాయల తొక్కలనూ తినే సూక్ష్మజీవుల వల్ల పుట్టిన వేడి అంతా. అంత వేడికి కలుపు గింజలు కూడా చచ్చిపోతాయట. పైపొరలోకి చెయ్యి పెట్టి చూడమన్నారు. పెట్టాను, వెంటనే తీసేశాను.

ఆ తర్వాత చూసిన తెల్ల పళ్లెం గురించే అసలు రాయాలి. చెరువు అంచున వలతో తీసిన నీళ్లు వెడల్పాటి తెల్ల పళ్లేల్లో పోసి, పక్కన భూతద్దాలు పెట్టారు. ముందు ఆకు ముక్కలు, బురద తప్ప ఏమీ కనిపించలేదు. "ఒక నిమిషం కదలకుండా చూడండి" అంది అక్కడున్న కాలేజీ అమ్మాయి. నిజంగానే నిమిషానికి పళ్లెమంతా కదలడం మొదలైంది. దారం ముక్కల్లా మెలికలు తిరిగే ఎర్ర పురుగులు కనిపించాయి. వాటికి ఆ రంగు మన రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదాని వల్లే వస్తుందట, అందుకే ఆక్సిజన్ తక్కువున్న బురదలో కూడా బతికేస్తాయి. పక్క పళ్లెంలో తోకలా మూడు వెంట్రుకలున్న మేఫ్లై (నీళ్లలో పెరిగే ఒక రెక్కల పురుగు) పిల్ల ఒకటి ఉంది. పొట్టకు రెండువైపులా ఈకల్లాంటి మొప్పలు ఆడిస్తోంది. నీళ్లు పాడైతే ముందుగా మాయమయ్యేవాటిలో ఇవి ఉంటాయి. ఎర్ర పురుగులు మాత్రమే మిగిలాయంటే ఆ నీటికి ఊపిరాడటం లేదని అర్థం. మన చెరువులో రెండూ దొరికాయి. ఒక్క మేఫ్లై పిల్ల ఉన్నందుకు నాకెంత సంతోషం వేసిందో!

మూడో పళ్లెంలో తూనీగ పిల్ల. మట్టి రంగు, ఆరు కాళ్లు, పెద్ద కళ్లు, రెక్కలు లేవు. దాని ముందు ఒక దోమ పిల్ల తల కిందులుగా వేలాడుతూ ఉంది. తర్వాతి క్షణంలో లేదు. "అమ్మా, దాని నోరు బయటికొచ్చింది!" అని అరిచింది మా అమ్మాయి. ఆ పురుగు కింది పెదవి ముఖం కింద మడత చేతిలా ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే అది ముందుకు దూసుకొచ్చి పట్టేస్తుంది. నా కళ్లు ముందూ వెనకా మాత్రమే చూశాయి, మధ్యలో జరిగింది పట్టుకోలేకపోయాయి. మా అమ్మాయి చూడగలిగింది.

మధ్యాహ్నం ఎండకు పక్క వీధిలోని చిన్న మ్యూజియంలోకి వెళ్లాం. మేళా సందర్భంగా అక్కడ కూడా ఇవాళ టికెట్ లేదు. రాళ్ల గది, గడ్డి కూరిన పక్షుల గది త్వరగా దాటేశాం. చివరి గదిలో పైకప్పు నుంచి ఒక పెద్ద నమూనా వేలాడుతోంది, మెగన్యూరా. సుమారు 30 కోట్ల సంవత్సరాల కిందట బతికిన, ఇప్పటి తూనీగలకు దూరపు చుట్టమైన పురుగు. రెక్కల ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు 65 సెంటీమీటర్లు. ఫ్రాన్స్‌లోని బొగ్గు పొరల్లో దొరికిన శిలాజానికి 1885లో చార్ల్స్ బ్రోన్యార్ ఆ పేరు పెట్టారు. అప్పట్లో గాలిలో ఆక్సిజన్ ఎక్కువగా ఉండటం వల్లే పురుగులు అంత పెరిగాయని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. మా అమ్మాయి దాని కింద నిలబడి చెయ్యి చాపి చూసుకుంది. తన చేతికన్నా ఆ రెక్కలే పొడుగు. "ఇదీ నీళ్లలోనే పుట్టిందా అమ్మా?" అని అడిగింది. నాకు తెలియదు, ఇద్దరం కలిసి పుస్తకంలో వెతుకుదామన్నాను.

నాలుగింటికి చెరువు గట్టు మీదికి వచ్చాం. ఈ గట్టు మీద ఎన్నేళ్లుగా నడుస్తున్నానో. జమ్ము కాడల మీద అతుక్కుని ఉండే ఎండు పొట్టులాంటివి రోజూ చూస్తూనే ఉన్నాను. ఇవాళ ఒకటి దగ్గరగా చూస్తే అవే ఆరు కాళ్లు, అవే కళ్లు, అదే మడత పెదవి. వీపు మీద నిలువునా చీలిక, అందులోంచి సన్నటి తెల్ల పోగులు రెండు మూడు బయటికి వేలాడుతున్నాయి. అవి గాలి గొట్టాల లోపలి పొరలట. తూనీగ కాడ పైకెక్కి, చర్మం చీల్చుకుని వెళ్లిపోతూ ఊపిరి తీసుకున్న దారిని కూడా అక్కడే విప్పేసి వెళ్లింది. ఆ పొట్టును అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు.

ఐదింటికి పళ్లేలన్నీ చెరువులో వంపేశారు. మా అమ్మాయి అడిగిందని తూనీగ పిల్ల ఉన్న పళ్లెం తనకే ఇచ్చారు. నీటి అంచున కూర్చుని మెల్లగా వంచింది. అది పళ్లెం మూలలో కాసేపు అలాగే ఉండిపోయి, ఒక్కసారిగా వెనక నుంచి నీళ్లు చిమ్ముకుంటూ బాణంలా వెళ్లిపోయింది. పొట్ట చివర నుంచి పీల్చుకున్న నీళ్లతోనే ఊపిరి తీసుకుంటుంది, అవే నీళ్లు చిమ్మి ముందుకు దూసుకుపోతుంది.

"అక్కా, రెక్కలు ఎప్పుడొస్తాయి?" అని మా అమ్మాయి ఆ కాలేజీ అమ్మాయిని అడిగింది. చాలా రకాలు రాత్రిపూటో, తెల్లవారుజామునో కాడలెక్కుతాయని చెప్పింది.

బాగుచేసిన ల్యాంపు వెలుగులోనే ఇదంతా రాస్తున్నాను. పొట్టు ఒకటి అగ్గిపెట్టెలో ఉంది. ఐదింటికి అలారం పెట్టమని మా అమ్మాయి మూడుసార్లు చెప్పి పడుకుంది. నాలుగున్నరకే పెట్టాను.