డిసెంట్ అంటే డీసెంట్ కాదు

"డీసెంట్ నోట్ అంటే మర్యాదగా రాసిన నోట్ అనా అండీ?" అని ఈ రోజు సమావేశపు మినిట్స్ టైపు చేస్తున్న సహోద్యోగి అడిగేసరికి నవ్వు వచ్చింది కాని, వివరించబోతే సరైన మాట అందలేదు.

నేను రాసింది డిసెంట్. అర్థం మారిపోవడానికి ఒక్క దీర్ఘం చాలింది.

ముందు "అసంతృప్తి" అన్నాను, అది కాదు. "వ్యతిరేకత" అన్నాను, అది మరీ పెద్దదైపోయింది. చివరికి "అసమ్మతి" దగ్గర ఆగాను, పార్టీల్లోని అలకలకు వాడి వాడి పత్రికలు ఆ మాటను అరగదీశాయని లోలోపల అనిపిస్తున్నా.

ఈ మాటకు లాటిన్ మూలంలో వేరుగా అనుభూతి చెందడమని అర్థం. సమ్మతిని తెలిపే కన్సెంట్ కూడా అదే ధాతువు నుండి పుట్టింది. ఇద్దరు స్నేహితుల మధ్య అభిప్రాయం కుదరకపోతే డిసగ్రీ అంటే సరిపోతుంది. డిసెంట్ అనాలంటే మాత్రం సాధారణంగా ఎదురుగా ఒక మెజారిటీయో, అధికారికమైన నిర్ణయమో ఉండాలి. 1976లో, ఎమర్జెన్సీ కాలపు హెబియస్ కార్పస్ (నిర్బంధించిన వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్) కేసులో, ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనంలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే మిగతా నలుగురితో విభేదించి రాసిన తీర్పు అటువంటిది. నాటి మెజారిటీ అభిప్రాయం చెల్లదని 2017లో అదే కోర్టు ప్రకటించింది.

నాది అంత గొప్ప విషయం కాదు, ఒక గడువు తేదీ మీద అభ్యంతరం మాత్రమే. మినిట్స్‌లో మాత్రం "అసమ్మతి పత్రం" అని, దీర్ఘాల గొడవ లేకుండా, చక్కగా పడింది.