లోన్ రాక్ ఇసుకలో టెంట్ మళ్లీ కూలింది

టెంట్ తాడు కట్టి ఇసుకలో పూడ్చిన సంచి, పాతిక కేజీల లాగుడుకి కదలనిది, తెల్లారేసరికి దానంతటదే పైకి జరిగి కూర్చుంది. చిరాకు ఇంకా తగ్గలేదు కాబట్టి ముందు లెక్కలే రాస్తున్నా.

చోటు లేక్ పవెల్ ఒడ్డున లోన్ రాక్ బీచ్. అమెరికాలో అరిజోనాలోని ఫీనిక్స్ నుంచి వెళ్తే పేజ్ ఊరు దాటగానే, యూటా రాష్ట్రపు గీత అవతల. ఏప్రిల్ గాలి ఎలా ఉంటుందో తెలిసే వెళ్లాం. పొడి ఇసుకలో పెగ్గు (టెంట్ తాడు కట్టే మేకు) నిలవదని అందరికీ తెలుసు, కానీ ఎంతకి జారుతుందో ఎవరూ చెప్పరు. అందుకే సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా వెంట తీసుకెళ్లా. 19 సెం.మీ. వై (Y) ఆకారం పెగ్గు నిలువుగా దిగ్గొడితే 3 కేజీలకే జారింది. వెనక్కి వాల్చి కొడితే నాలుగున్నర. అదే పెగ్గుకి నడుమ తాడు కట్టి, 15 సెం.మీ. లోతున అడ్డంగా పూడిస్తే 9. ఇక సోనా మసూరి 20 పౌండ్ల సంచి: సగం ఇసుక నింపి మూతి కట్టి, పైన 30 సెం.మీ. ఇసుక ఉండేలా పూడ్చాను. 25 దాటాక నా చేతులే ఆగిపోయాయి. ఇసుక కోసమని డబ్బులు పోసి వెడల్పాటి పెగ్గులు కొనేవాళ్లు ముందు ఇంట్లో ఖాళీ బియ్యం సంచులు వెతుక్కోండి.

నాలుగు మూలలా నాలుగు సంచులు, టెంట్‌ని నిలబెట్టే ట్రెక్కింగ్ పోల్ ఎత్తు 120 సెం.మీ. సాయంత్రం కెస్ట్రెల్ మీటర్‌లో గాలి గంటకి 17 మైళ్లు. రాత్రి విసుర్లు 34 దాకా వెళ్లాయి. వేగం రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లు. అయినా పాతిక కేజీల పట్టు చాలాలి కదా! రాత్రి రెండు గంటలకి గాలివైపు తాడు వదులై, పోల్ ఒరిగి, టెంట్ గుడ్డంతా మొహం మీద పడింది. మావాడు ముందే కారు వెనక సీటు మడిచి అందులో దూరాడు. కిటికీ కాస్త దించి, "ఒరేయ్, నీ కాటా లెక్కలు గాలికి చెప్పావా?" అని మళ్లీ ఎక్కించేశాడు.

పొద్దున టేపు పెట్టి కొలిచా. మిగతా మూడు మూలల్లో సంచి పైన 28 నుంచి 30 సెం.మీ. ఇసుక అలాగే ఉంది. గాలివైపు మూలలో మాత్రం 11. పక్కనే గుర్తుకి పాతిన కర్రతో పోలిస్తే ఇసుక మట్టం 12 సెం.మీ. దిగింది, సంచి 7 సెం.మీ. పైకి వచ్చింది. అంటే ఇవి రెండు వేర్వేరు జబ్బులు.

మట్టం దిగడం అర్థమవుతుంది: తవ్వి పోసిన ఇసుక వదులుగా ఉంటుంది, గాలి ముందు దాన్నే ఎత్తుకుపోతుంది. 7 సెం.మీ. సంగతే తేలట్లేదు. నా అనుమానం, టెంట్ గుడ్డ కొట్టుకున్న ప్రతిసారీ సంచి వెంట్రుకవాసి లేస్తుంది, ఆ సందులోకి పక్క ఇసుక జారుతుంది, ఇక సంచి వెనక్కి దిగలేదు. కాటాతో ఒక్కసారి లాగి చూస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. తాడు సాగిందంటారేమో, కట్టింది దాదాపు సాగని డైనీమా తాడు, నైలాన్ కాదు.

మర్నాడు వైర్ పాస్ నుంచి బక్‌స్కిన్ గల్చ్ అనే ఇరుకు లోయ దాకా 1.7 మైళ్లు హాయిగా నడిచాం, గోడ మీద కొమ్ముల గొర్రెల బొమ్మలు చూశాం, పులిహోర కూడా పాడవలేదు. వెళ్లేవాళ్లు పర్మిట్ ఇంటి దగ్గరే తీసుకోండి. ఎండాకాలం యూటా గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుంది, సరిహద్దులో ఫోన్ అటూ ఇటూ మారుతూ అలారంని చెడగొడుతుంది.

ఈసారి పోల్ 105కి దించి, టెంట్ సన్నటి వైపు గాలికి పెట్టి, ఆ మూలకి రెండు సంచులు వి ఆకారంలో పూడుస్తా. పూడ్చిన చోట నీళ్లు పోసి తొక్కితే రెండు జబ్బులూ తగ్గాలి, తడి ఇసుక గాలికి లేవదు, సందులోకీ జారదు. లోన్ రాక్‌లో అయితే చెరువే పక్కన ఉంది. మావాడేమో కనాబ్ దగ్గర కోరల్ పింక్ శాండ్ డ్యూన్స్ అంటున్నాడు. అక్కడికి మూలకి నాలుగు లీటర్ల చొప్పున నీళ్లు మనమే మోసుకెళ్లాలి. తాగే నీళ్లతో కలిపి ఆ క్యాన్లన్నీ వాడి కార్లో పడితే, వాడు పడుకోవడానికి చోటుండదు. ఇంకా వాడికి చెప్పలేదు.